సొర మూతిలో జిగురు గొట్టాలు దొరికాయి, వాలుగలో ఎందుకు దొరకట్లేదు?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి):
నమస్కారం అండి. చేపల్లో కరెంటును పసిగట్టే అవయవాల మీద ప్రాక్టికల్స్‌కి చార్ట్ వేయాలి. హార్బర్ నుంచి చిన్న సొర తల తెచ్చి మూతి నొక్కితే రంధ్రాల్లోంచి జిగురు వచ్చింది. తోలు ఒలిస్తే పొడవాటి గొట్టాలు కనిపించాయి. వాలుగకూ ఈ శక్తి ఉందంటారు కదా, దాని తలంతా వెతికినా అలాంటివి లేవు. నేను సరిగ్గా కోయలేదా? ఎల్లుండే సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది.

జవాబు (జువాలజీ లెక్చరర్):
మీ కోతలో తప్పేం లేదండి. సొరలో మీరు చూసినవి లొరెంజిని ఆంపుల్లాలు. 1678లో స్టెఫానో లొరెంజిని వాటిని వర్ణించాడు. సొరలో ఆ గొట్టాలు సెంటీమీటర్ల పొడవుంటాయి. వాలుగ జాతిలో మిల్లీమీటరులో చిన్న వంతే, చర్మం మందంలోనే అయిపోతాయి. కంటికి కనిపించవు.

కారణం నీళ్లలోనే ఉంది. ఉప్పునీరు మంచినీటి కంటే వందల రెట్లు తేలిగ్గా కరెంటును పోనిస్తుంది. గొట్టం అడుగున ఉన్న జ్ఞానకణాలు రంధ్రం దగ్గరి వోల్టేజీని, తమ చుట్టూ ఉన్న ఒంటి లోపలి వోల్టేజీతో పోల్చుకుంటాయి. సొర చర్మం కరెంటును పెద్దగా అడ్డుకోదు, అందుకే బయటి విద్యుత్ క్షేత్రం ఒంట్లోనూ పరుచుకుంటుంది. గొట్టం ఎంత పొడవుంటే అంత ఎక్కువ తేడా అందుతుంది. లోపలి జిగురు కరెంటును బాగా పోనిస్తుంది, గొట్టం గోడ అడ్డుకుంటుంది.

మంచినీటి చేప సంగతి వేరు. లవణాలు బయటికి పోకుండా, నీళ్లు లోపలికి రాకుండా దాని చర్మం గట్టిగా కాపలా కాస్తుంది. కరెంటునూ అలాగే ఆపుతుంది. లోపలంతా దాదాపు ఒకే వోల్టేజీ, తేడా అంతా చర్మం దగ్గరే. ఇక చర్మం దాటితే చాలు, పొడవాటి గొట్టంతో పనేముంది?

ప్రశ్న (మరో సభ్యురాలు):
సొరది మృదులాస్థి, వాలుగది ఎముక. రెండూ దూరపు వర్గాలు. తేడా నీటి వల్లే అని ఎలా చెప్తామండీ?

జవాబు (లెక్చరర్):
ఇదే అసలైన ప్రశ్న అమ్మా, చార్టులో తప్పకుండా రావాలి. వాలుగ వర్గంలోనే ప్లోటోసస్ అనే చారల చేప సముద్రంలో ఉంటుంది. దానికి చర్మం కింద పొడవాటి గొట్టాలున్నాయి. అటు సొరకు దగ్గరి చుట్టాలైన టేకు చేపల వర్గంలో పోటమోట్రైగాన్ అనే చేప అమెజాన్ నదుల్లో స్థిరపడింది. దాని పూర్వీకులు సముద్రపు చేపలే, అయినా దాని గొట్టాలు చిట్టివి. వర్గం ఒకటే అయినా నీళ్లు మారితే అవయవం మారింది. ఇంతకన్నా చక్కని రుజువు నాకు తెలియదు.

విద్యార్థి:
చాలా థాంక్స్ సార్. మరి వాలుగలో చూపించడం ఎలా?

లెక్చరర్:
తల చర్మాన్ని నిలువుగా పలచగా కోసి స్లైడ్ చేయించండి. ఈ చేపల చర్మం నిండా రుచి మొగ్గలుంటాయి, వాటినే ఆంపుల్లాలు అనుకునే ప్రమాదం ఉంది. బయటికి తెరుచుకున్న చిన్న గుంట, అడుగున కణాల గుంపు ఉంటే అదే ఆంపుల్లా. బొమ్మలు రెండూ పక్కపక్కనే వేసి, ఒక్కోదానికి విడిగా కొలత గీత పెట్టండి. అది లేకపోతే రెండూ ఒకే సైజు అనుకుంటారు.

బతికున్న చేప దొరికితే 1917లో పార్కర్, వాన్ హ్యూసెన్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం గుర్తుచేసుకోండి. కళ్లకు గంతలు కట్టిన బుల్‌హెడ్ అనే వాలుగ వర్గపు మంచినీటి చేప లోహపు కడ్డీ దగ్గరికొస్తే స్పందించింది, గాజు కడ్డీకి అలా స్పందించలేదు. నీళ్లలో లోహం దగ్గర సన్నని కరెంటు పుడుతుంది, గాజు దగ్గర పుట్టదు. మీరు గంతలు కట్టక్కర్లేదు, చీకట్లో కడ్డీలు మార్చి చూడండి. తొట్టెలోకి బ్యాటరీ తీగలు మాత్రం పెట్టొద్దు.

విద్యార్థి:
రోహు, కొర్రమీనులో కూడా వెతకాలా సార్?

లెక్చరర్:
వద్దు, వాటికి ఈ అవయవం లేదు. వాలుగ లేదా జెల్ల తీసుకోండి.