బాలిలో ఏటీవీ యాత్ర: అమ్మను ఎక్కించుకోవచ్చా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి):
నమస్కారమండీ. జనవరిలో విశాఖ నుంచి బాలి వెళ్తున్నాం. ఉబుద్ పరిసరాల్లో గైడు వెంట ఏటీవీ (మట్టిదారుల్లో, గతుకుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) నడుపుతూ వరిచేలు చూడాలని నాకు ఎంతో ఆశగా ఉంది. స్కూటరు తప్ప మరేదీ నడపని నాకది సాధ్యమేనా? అరవై దాటిన అమ్మను వెనక కూర్చోబెట్టుకోవచ్చా?

సమాధానం (సీతమ్మధార నుంచి):
నడపగలరు గానీ, మొదట ఇబ్బంది పెట్టేది ఆ స్కూటరు అలవాటేనండీ. యాక్సిలరేటరును మణికట్టుతో తిప్పడం కాదు, కుడి బొటనవేలితో నొక్కాలి. బండి ఒరిగినట్టు అనిపించగానే కాలు కింద పెట్టబోతే అది వెనక చక్రం కిందికి పోయే ప్రమాదముంది కనుక, పాదాలు ఎప్పుడూ ఫుట్‌రెస్టుల మీదే ఉంచాలి. మిట్ట ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి వాలాలి. జనవరి అక్కడ వానాకాలం. మా చెల్లెలి చెప్పు మడమ దాకా బురదలో దిగబడి, తెగి అక్కడే ఉండిపోయింది. బూట్లు తప్పనిసరి.

సమాధానం (భీమిలి నుంచి):
అమ్మగారికి నడుంనొప్పి గానీ మోకాళ్ల నొప్పులు గానీ ఉంటే దయచేసి ఎక్కించకండి, ఆ కుదుపులు వెనక కూర్చున్నవారికే ఎక్కువ. ఆవిడకు జాతిలువి వరిమడులు చూపించండి. అక్కడి సుబాక్ నీటి పంపక పద్ధతిని యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ప్రయాణ బీమా ఏటీవీ ప్రమాదానికి వర్తిస్తుందో లేదో బయలుదేరేముందే చదువుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి, జాతిలువికే తీసుకెళ్తాను.