నాస్పానా, ఏసీపీఏనా, నాఫ్సానా? ఒక్కటే తీసుకోవాలి, చెప్పండి

అమెరికా కాలేజీల్లో స్టూడెంట్ అఫైర్స్ (చదువు బయట విద్యార్థుల బాగోగులు చూసే) పనిలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. ఈ మధ్యే ఒహాయోలో ఒక యూనివర్సిటీ హాస్టళ్ల విభాగంలో చేరాను. మా ఆఫీసు ఒక్క సంఘం సభ్యత్వానికే డబ్బు కడుతుంది.

1919లో డీన్లతో మొదలైన నాస్పా, 1924 నాటి ఏసీపీఏ రెండూ ఈ రంగం ఉద్యోగుల సంఘాలే, ఇంచుమించు ఒకే పని చేస్తున్నట్టున్నాయి. మనలాంటి ఉద్యోగులకు ఉండాల్సిన నైపుణ్యాల పత్రం కూడా ఉమ్మడిగానే రాసుకున్నాయి. 2011లో కలిసిపోదామని ఓటింగ్ పెడితే నాస్పా వైపు సరిపడా ఓట్లు రాలేదు. వచ్చుంటే నాకీ తలనొప్పి తప్పేది!

నా అసలు అవసరం వేరే. అర్ధరాత్రి డ్యూటీ ఫోన్ మోగుతుంది. రూమ్మేట్‌తో గొడవపడ్డ గుంటూరు అబ్బాయి ఇంగ్లీషులో అడిగితే "అయామ్ ఫైన్" అంటాడు, తెలుగులో అడిగితే ఏడ్చేస్తాడు. అలాంటి రాత్రి గడిచాక మాట్లాడుకోవడానికి అనుభవమున్న మనిషి కావాలి, సర్టిఫికెట్ కాదు.

విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసేవాళ్ల సంఘం నాఫ్సా మేలని కొందరంటున్నారు. కానీ వీసా కాగితాల పని నాది కాదు.

సభ్యత్వం తీసుకున్నవాళ్లూ, మీకు నిజంగా మెంటార్ దొరికారా? ఏటా జరిగే పెద్ద సదస్సుకి సొంత ఖర్చుతో వెళ్లాలా, దగ్గర్లో జరిగే చిన్న మీటింగులు చాలా?