రోటాక్స్ 912: ఓల్టేజీ ఒకసారి 13.4, ఒకసారి 15.3. రెగ్యులేటరు మార్చినా అదే కథ

షెడ్డులో విమానం (గుంటూరు):
అందరికీ నమస్కారం. మా బావా నేనూ కలిసి నల్లపాడు దగ్గర షెడ్డులో జెనిత్ సీహెచ్ 701 కిట్టు కడుతున్నాం. ఇంజను రోటాక్స్ 912 యూఎల్ఎస్. డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) కాగితాల పని నడుస్తోంది, కాబట్టి ఇంకా గాలిలోకి లేపలేదు. చక్రాలకు దుంగలు అడ్డుపెట్టి, తోకను వేపచెట్టుకు మోకుతో కట్టి, నేల మీదే ఇంజను నడిపి చూస్తున్నాం.

బాధ ఇదీ. ఇంజను ఆపి ఉంటే ప్యానెల్ ఓల్ట్‌మీటరు 12.7 చూపిస్తుంది. 4000 ఆర్పీఎం దగ్గర, లైట్లూ స్ట్రోబూ (తళుక్కుమని మెరిసే దీపం) అన్నీ వేస్తే 13.4. ఇది తక్కువే కదా? కానీ ఉన్నట్టుండి 15.3కి ఎగిరి, నాలుగైదు సెకన్లుండి, మళ్లీ 13.4కి దిగుతుంది. మొన్న ఆదివారం అయితే చార్జింగ్ ఎర్రలైటు వెలిగి 12.4కి పడిపోయింది. ఇంజను ఆపి మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు 13.4. తెలిసిన మెకానిక్కు చూసి రెగ్యులేటరు పోయిందన్నాడు. కొత్తది తెప్పించాం. ఆ ధర ఇంట్లో చెప్పలేదు. బిగించినా అదే కథ.

దీనికి తోడు రేడియోలో సన్నగా కూత. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దారి చూపండి.

ఆటోనగర్ వైర్‌మ్యాన్ (విజయవాడ):
అన్నా, నేను లారీలు, ట్రాక్టర్ల వైరింగు చేస్తాను, విమానం సంగతి తెలియదు. కానీ పర్మనెంట్ మాగ్నెట్ డైనమో, బయట ఒక రెగ్యులేటరు అంటే పెద్ద బైకుల్లో ఉండేదే. మీరు చెప్పినవన్నీ రెగ్యులేటరు పోయిన లక్షణాలే. కొత్తది కూడా డమ్మీ వచ్చుంటుంది. ఇంకొకటి వేసి చూడండి.

షెడ్డులో విమానం:
తమ్ముడూ, మూడోది కొంటే నన్ను కూడా షెడ్డులోనే పడుకోమంటారు.

పాత ఏవియానిక్స్:
ఇంకేమీ కొనకండి. ఈ మూడు లక్షణాలూ రెగ్యులేటరు మంచిదైనా వస్తాయి. ముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి. రెగ్యులేటరు దేని మీద బిగించారు, కింద పెయింటు ఉందా? "సి" టెర్మినల్ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోంది?

షెడ్డులో విమానం:
ఫైర్‌వాల్ మీద, అంటే ఇంజనుకూ కాక్‌పిట్‌కూ మధ్య ఉండే రేకు మీద. అవునండీ, పెయింటు వేశాకే బిగించాం. చాలా అందంగా వచ్చింది. సి వైరు ప్యానెల్లో ఆల్టర్నేటర్ స్విచ్‌కు వెళ్లి, అక్కడి నుంచి బస్‌కు (అన్ని సర్క్యూట్లకూ కరెంటు పంచే పట్టీకి). స్విచ్ ఆపితే చార్జింగ్ ఆగాలని అలా ఇచ్చాం.

పాత ఏవియానిక్స్:
స్విచ్ అక్కడ ఇవ్వడం తప్పు కాదు, చాలామంది అలాగే ఇస్తారు. ఈ ఇంజనులో జనరేటరు శాశ్వత అయస్కాంతంతో నడుస్తుంది. కారు ఆల్టర్నేటరులా ఫీల్డు కరెంటు తీసేసి ఆపే వీలుండదు. ఇంజను తిరుగుతున్నంతసేపూ రెండు పసుపు వైర్లలో ఏసీ వస్తూనే ఉంటుంది. సి దగ్గర ఓల్టేజీ లేకపోతే రెగ్యులేటరు దాన్ని బయటికి వదలదు, అంతే.

ఇప్పుడు అసలు కిటుకు. రెగ్యులేటరు బ్యాటరీని నేరుగా చూడదు. సి దగ్గర ఎంత ఉందో, తన ఒంటి దగ్గర, అంటే ఎర్త్ దగ్గర, ఎంత ఉందో ఆ రెండింటి తేడానే చూస్తుంది. ఆ తేడాను 14.2 దగ్గర నిలబెట్టడమే దాని ఉద్యోగం. మధ్యలో వైర్లు అబద్ధం చెబితే అదీ ఆ అబద్ధాన్నే నమ్ముతుంది.

ఎర్త్ దారిలో అడ్డు ఉందనుకోండి, పెయింటు లాంటిది. చార్జింగ్ కరెంటు బ్యాటరీ మైనస్ నుంచి తిరిగి రెగ్యులేటరు ఒంట్లోకి రావాలి కదా. ఆ దారిలో 0.8 ఓల్టు పడిపోతే, బ్యాటరీలో 13.4 ఉన్నప్పుడే దానికి 14.2 కనిపిస్తుంది. "చాలు" అని ఆగిపోతుంది. మీ 13.4 ఇదే కావచ్చు.

సి వైరులో అడ్డు ఉంటే కథ తిరగబడుతుంది. అక్కడ ఒక ఓల్టు పడిపోతే రెగ్యులేటరుకు ఒక ఓల్టు తక్కువగా కనిపిస్తుంది, కాబట్టి ఒక ఓల్టు ఎక్కువ తోస్తుంది. 15.3 అలా వస్తుంది. ఆ వైరు పూర్తిగా విడిపోతే చార్జింగే ఉండదు. మీ ఎర్రలైటు అది.

కాబట్టి నా అనుమానం: మీకు జబ్బులు రెండు, రెండూ కలిసి ఆడుతున్నాయి. కొలిచి చూడండి. మల్టీమీటరును డీసీ 20 ఓల్టుల మీద పెట్టి, ఇంజను 3500 దగ్గర తిరుగుతుండగా, లోడ్లన్నీ వేసి రెండు కొలతలు. ఒకటి: ఎర్ర ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టు మీద, నల్ల ప్రోబు రెగ్యులేటరు ఒంటి మీద. రెండు: ఎర్రది బ్యాటరీ ప్లస్ మీద, నల్లది సి టెర్మినల్ మీద. రెండూ సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.1 దాటితే నేను ఒప్పుకోను.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇంజను తిరుగుతుండగా కౌలింగు (ఇంజను మీది మూత) తీసి, ప్రోబులు పట్టుకుని ప్రొపెల్లరు ముందు నిలబడొద్దు. ఇంజను వేయకముందే పొడవాటి వైర్లకు క్లిప్పులు బిగించి, ప్రొపెల్లరు వైపు వేలాడకుండా కట్టి, కాక్‌పిట్‌లోకి తెచ్చుకోండి. మీటరు ఒళ్లో ఉండాలి.

ఆటోనగర్ వైర్‌మ్యాన్:
గురువుగారూ, ఇది నాకు కొత్త పాఠం. మా దగ్గర బాడీ ఎర్త్ పోతే లైట్లు డిమ్ము అవుతాయని తెలుసుగానీ చార్జింగు తగ్గుతుందని ఇలా ఎవరూ చెప్పలేదు. ఇప్పటికి ఎన్ని రెగ్యులేటర్లు ఊరికే మార్చానో.

కొత్తగా చేరినవాడు (మంగళగిరి):
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. గాలిలో ఉండగా ఇలా చార్జింగు పోతే ఇంజను ఆగిపోదా?

పాత ఏవియానిక్స్:
912 యూఎల్ఎస్‌లో ఆగదు. రెండు ఇగ్నిషన్ సర్క్యూట్లకూ ఇంజనులోనే వేరే కాయిళ్లున్నాయి, బ్యాటరీతో పనిలేదు. స్టార్టరుకూ రేడియోకూ లైట్లకూ మాత్రమే బ్యాటరీ. కానీ 912 ఐఎస్ అనే ఇంజెక్షన్ రకం వేరు. దానికి ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు), ఇంధన పంపులు కరెంటుతోనే బతకాలి, అందుకే లోపల రెండు జనరేటర్లు పెట్టారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఈ ఇగ్నిషన్ స్విచ్ ఆపడం అంటే ఇగ్నిషన్ నుంచి స్విచ్‌కు వచ్చే వైరును ఎర్త్ చేయడం. అది ఎక్కడైనా తెగితే స్విచ్ ఆపినా ఇగ్నిషన్ బతికే ఉంటుంది. మాస్టర్ స్విచ్ (బ్యాటరీ కరెంటు మొత్తం ఆపేది) ఆపేశాం కదా అని ప్రొపెల్లరును చేత్తో తిప్పేవాళ్లను చూశాను. అది ఎప్పుడూ వేగుతున్న మూకుడే అనుకోండి.

షెడ్డులో విమానం:
కొలిచాను. ఎర్త్ వైపు 0.87! సి వైపు మామూలుగా 0.12. బావ ప్యానెల్ వెనక వైర్ల కట్టను చేత్తో కదిపితే ఒక్కసారిగా 2.0కి లేచింది, అదే క్షణంలో ప్యానెల్లో 15.3. షెడ్డులో ఇద్దరం కేకలు వేశాం. ఆవులు బెదిరాయి.

పాత ఏవియానిక్స్:
లెక్క వేసుకోండి. 14.2లోంచి 0.87 తీసేసి 0.12 కలిపితే 13.45. అదే 0.87 తీసి 2.0 కలిపితే 15.33. రెగ్యులేటరు అమాయకురాలు. పాతది పారేయకండి, అది మీ స్పేర్.

ఇక విప్పండి. ఫైర్‌వాల్ మీద బోల్టులున్న చోట పెయింటు ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకండి. దాని మీదే ఆధారపడొద్దు. రెగ్యులేటరు బోల్టు కింద ఒక లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు కొన) పెట్టి, 12 గేజ్ వైరు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) ఒకటి బ్యాటరీ మైనస్ కలిసే ఎర్త్ బోల్టు దాకా విడిగా లాగండి. రెగ్యులేటరు ఒళ్లు 80 డిగ్రీలు దాటకూడదు. మన గుంటూరు మే నెలలో షెడ్డే 45 ఉంటుంది, కాబట్టి దాని మీదికి గాలి తగిలే ఏర్పాటు చూడండి. స్విచ్ వెనక ఆ సి వైరు లగ్గును ఫోటో తీసి పెట్టండి. దేనితో నొక్కారో నాకు ఇప్పుడే తెలుసు.

షెడ్డులో విమానం:
కటింగ్ ప్లేయరుతోనండీ. లాగితే లగ్గు చేతికి వచ్చేసింది. లోపల రాగి పోగులు నల్లగా ఉన్నాయి. ఇన్సులేషన్‌ను మాత్రమే పట్టుకుని ఉందది.

పాత ఏవియానిక్స్:
అనుకున్నాను. నేను దగ్గరుండి చూసిన ఫాల్టుల్లో సగానికి పైగా ఆ చివరి అరంగుళంలోనే. రాచెట్ ఉన్న క్రింపింగ్ టూల్ కొనండి, పూర్తిగా నొక్కందే వదలనిది. ఎర్ర లగ్గు 22 నుంచి 18 గేజ్‌కు, నీలం 16, 14కు, పసుపు 12, 10కి. నొక్కాక ప్రతి ఒక్కటీ గట్టిగా గుంజి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడాలి.

లగ్గు మీద సోల్డరు కూడా వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందని కొందరు అంటారు. వద్దు. సీసం పోగుల్లోకి పాకి, అది ఆగిన చోట వైరు పుల్లలా బిగుసుకుంటుంది. రోటాక్స్ వణుకుకు సరిగ్గా అక్కడే తెగుతుంది.

ఆటోనగర్ వైర్‌మ్యాన్:
వైరు ఏది వాడారన్నా? ఇంటి వైరింగు వైరు చవకగా వస్తుంది.

షెడ్డులో విమానం:
ప్యానెల్లో టెఫ్జెల్ వైరు, కిట్టుతో తెప్పించాం. ల్యాండింగ్ లైటుకు మాత్రం ఇంట్లో మిగిలిన పీవీసీ వైరే...

పాత ఏవియానిక్స్:
తీసేయండి. ఇంటికి వాడే పీవీసీ 70 డిగ్రీలకు చేసింది. కాలితే వచ్చే పొగ ఆ చిన్న కాక్‌పిట్‌లో ఊపిరి ఆడనివ్వదు. ఎం22759/16 టెఫ్జెల్ 150 డిగ్రీలు తట్టుకుంటుంది, పోగులకు తగరం పూత ఉంటుంది. లోపల ఒకే కడ్డీ ఉన్న వైరైతే అసలు దగ్గరికే రానీయకండి, వణుకుకు విరుగుతుంది.

ఫ్యూజు సంగతి కూడా చూడండి. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, వైరును. 22 గేజ్‌కు 5 ఆంప్స్, 20కి 7, 18కి 10 దాటకుండా పెట్టుకోండి. లైటు మాటిమాటికీ ఫ్యూజు కొట్టేస్తోందని పెద్దది వేస్తే, తర్వాత కాలేది వైరే. సన్నవైరు పొడవుగా లాగినా ఇబ్బందే. 18 గేజ్ మీటరుకు సుమారు 21 మిల్లీ ఓమ్స్. రెక్క దాకా నాలుగు మీటర్లు లాగి 5 ఆంప్స్ పంపితే, వెళ్లే దారిలోనే 0.4 ఓల్టు పోతుంది. 14 ఓల్టుల సిస్టంలో ఎప్పుడూ నడిచే లోడుకు 0.5 దాటకూడదని ఎఫ్ఏఏ సలహా పత్రం ఏసీ 43.13-1బీ చెబుతుంది.

ఆటోనగర్ వైర్‌మ్యాన్:
నాకు తెలిసిన మాట ఒకటి నేనూ చెబుతా. మాస్టర్ సొలినాయిడ్ ఎక్కడ కొన్నారు? మా దగ్గర ట్రాక్టరు స్టార్టరుది చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. అది పది సెకన్లకు చేసింది, గంటలు వేసి ఉంచితే కాయిల్ కాలిపోతుంది. కొనేటప్పుడు కంటిన్యూయస్ డ్యూటీ అని అడిగి తీసుకోండి.

పాత ఏవియానిక్స్:
సెబాస్ తమ్ముడూ, అది నేను మరిచిపోయాను. దాని కాయిల్‌కు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడు కూడా ఉండాలి, గీత ఉన్న వైపు ప్లస్‌కు. లేకపోతే ఆపిన ప్రతిసారీ పుట్టే స్పైకు మాస్టర్ స్విచ్ కాంటాక్టులను తినేస్తుంది.

ఇంకోటి: రెగ్యులేటరు నుంచి చార్జింగ్ కరెంటు బయటికి వచ్చే ప్లస్ బి టెర్మినల్ దగ్గర 22,000 మైక్రోఫారడ్, 25 ఓల్టుల కెపాసిటరు పెట్టారా? రోటాక్స్ మాన్యువల్ అడుగుతుంది. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ విడిపోతే ఆ ఎగుడుదిగుడును మింగేది అదే. అది ఉంది కదా అని ఇంజను నడుస్తుండగా మాస్టర్ ఆపి ఆడుకోవద్దు.

షెడ్డులో విమానం:
డయోడు ఉంది, కెపాసిటరు లేదు. రాసుకున్నాను. ఇక రేడియో కూత?

పాత ఏవియానిక్స్:
కూత ఆర్పీఎంతో పాటు పెరిగితే జనరేటరుది. టిక్కు టిక్కుమని లయగా కొడితే స్ట్రోబుది. రెండూ కాక చరచరమంటూ స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రేడియో నోరు మూసి ఉంచేది) తెరుచుకుంటూ ఉంటే ఏదో డీసీ కన్వర్టరు. విమానం రేడియో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎంలో నడుస్తుంది, కాబట్టి చెత్తంతా వింటుంది. ఒక్కొక్క స్విచ్చే ఆపుతూ రండి. హెడ్‌సెట్ జాక్‌లు ప్యానెల్ రేకును తగులుతున్నాయా? తగిలితే ఫైబరు వాషర్లు వేసి విడదీయండి. మైకు వైరు షీల్డును ఒక చివరే ఎర్త్ చేయండి, రెండు చివరలా వద్దు.

షెడ్డులో విమానం (వారం తర్వాత):
ఎర్త్ వైరు లాగాం, లగ్గులన్నీ కొత్త టూల్‌తో నొక్కాం. గుంజితే ఇంకో మూడు ఊడాయి, మీ మాటే నిజం. కెపాసిటరు పెట్టాం. పీవీసీ వైరు పీకేశాం. 4000 దగ్గర బ్యాటరీ మీద 14.1. ఎర్త్ వైపు 0.05, సి వైపు 0.04. వైర్ల కట్టను ఎంత కదిపినా కదలదు. ల్యాండింగ్ లైటు వేసి ఐడిల్‌లో ఉంటే 12.9కి దిగుతుంది, అది పరవాలేదా?

పాత ఏవియానిక్స్:
పరవాలేదు. ఐడిల్‌లో ఆ జనరేటరు పూర్తి కరెంటు ఇవ్వలేదు. ట్యాక్సీ చేస్తూ అన్నీ వేసుకు కూర్చోకండి. ఈ మార్పులన్నీ లాగ్‌బుక్కులో రాసి, లైసెన్సున్న ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీరు) చేత చూపించుకోండి. నా మాట విని లేపొద్దు, నేను మీ విమానాన్ని చూడలేదు.

షెడ్డులో విమానం:
తప్పకుండానండీ. జాక్‌లకు వాషర్లు వేశాక జనరేటరు కూత పోయింది. చరచర మిగిలింది. ఒక్కొక్కటీ ఆపుతూ పోతే చివరికి తేలింది, మా బావ సిగరెట్ లైటరు సాకెట్‌లో పెట్టిన ఫోన్ చార్జరు. వంద రూపాయలదట. తీసేసి ఆయన చేతిలో పెట్టాను.