చర్చ: బానిసత్వం మీద అమెరికా ఎప్పుడు అతకనంతగా చీలిపోయింది?

పల్నాటి పాఠకుడు:
పోటీ పరీక్ష కోసం అమెరికా అంతర్యుద్ధానికి ముందటి దశాబ్దాలను చదువుతున్నాను. బానిసత్వం ఎక్కడి వరకు ఉండవచ్చో గీత గీసిన 1820 నాటి మిస్సోరీ ఒప్పందం 30 ఏళ్లకు పైగా నిలవగా, అదే తగవు మీద ఉత్తర, దక్షిణాదులు చేసుకున్న 1850 నాటి రాజీ నాలుగేళ్లకే బెడిసికొట్టింది. ఇక రాజీకి తావు లేకుండా చేసిన ఘట్టం ఏది? బానిసత్వాన్ని కళ్లారా చూడని ఉత్తరాది సామాన్యుడు ఎందుకు కదిలాడు? ఈ రెండింటికీ సమాధానం కోరుతున్నాను.

విశ్రాంత ఉపన్యాసకుడు:
డిగ్రీ తరగతులకు దశాబ్దాల పాటు ఈ పాఠం చెప్పినవాణ్ణి కనుక నిస్సందేహంగా 1854 అంటాను. 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండరాదన్న మిస్సోరీ ఒప్పందపు కట్టుబాటును సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ కాన్సస్-నెబ్రాస్కా చట్టంతో తొలగించి, నిర్ణయాన్ని అక్కడ స్థిరపడేవారి ఓటుకు వదిలాడు. ఇరుపక్షాలవారూ కాన్సస్‌కు తరలివెళ్లి నెత్తురు పారించారు, అప్పటి రెండు పెద్ద పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ కూలింది, బానిసత్వ విస్తరణను వ్యతిరేకించే రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1856 మే నెలలో సెనేట్ సభామందిరంలోనే బానిసత్వ వ్యతిరేకి అయిన సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను సౌత్ కరోలినా ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో స్పృహ తప్పేలా కొడితే, దక్షిణాది అభిమానులు బ్రూక్స్‌కు కొత్త కర్రలు కానుకగా పంపారు. దీని మీద వాదనకు తావు లేదు.

బెజవాడ న్యాయవాది:
తావు ఉంది మాస్టారూ. 1850 రాజీలో భాగమైన పరారీ బానిసల చట్టాన్ని మీరు ప్రస్తావించనే లేదు. పట్టుబడిన మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. అతణ్ణి యజమానికి అప్పగిస్తే, కేసు విని తీర్పు చెప్పే ఫెడరల్ అధికారి అయిన కమిషనర్‌కు 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు. తీర్పు చెప్పేవాడికి ఒక పక్షాన ఎక్కువ ముట్టేలా చట్టంలోనే రాసుకున్నాక ఆ రాజీని ఎవరు గౌరవిస్తారు?

రిజిస్ట్రేషన్ శాఖ మాజీ ఉద్యోగి:
రుసుముల లెక్కలతోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. అప్పగింతకు ప్రమాణపత్రం, ఇతర కాగితాలు తయారుచేయాలి కనుక రుసుము ఎక్కువని ఆ చట్టాన్ని సమర్థించినవారు అప్పుడే వివరించారు. పని పెరిగితే రుసుము పెరగడం ఏ కార్యాలయంలోనైనా ఉన్నదే. దాన్ని లంచంగా చూపడం తొందరపాటు.

బెజవాడ న్యాయవాది:
ఇంటి దస్తావేజుకూ మనిషి స్వేచ్ఛకూ ఒకటే కొలత పెడతారా? కాగితాల పనే కారణమైతే అదనపు సొమ్ము గుమాస్తాకు చెందాలి గాని తీర్పరికి కాదు. పిలిస్తే పౌరులెవరైనా పట్టివేతలో సాయపడాలని, పారిపోయినవారికి ఆశ్రయమిస్తే 1000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు అని కూడా ఆ చట్టమే చెప్పింది.

రిజిస్ట్రేషన్ శాఖ మాజీ ఉద్యోగి:
నేను బానిసత్వాన్ని సమర్థించానని ఎక్కడ రాశాను? ఆ చట్టం దుర్మార్గమైనదే. దాని దుర్మార్గమంతా నిందితుడి నోరు నొక్కడంలో ఉంది, రుసుములో లేదు. నా మీద నింద వేసే ముందు నేను రాసినది పూర్తిగా చదవండి.

రిచ్‌మండ్ తెలుగువాడు:
మీరిద్దరూ ఆ 5 డాలర్ల తేడా దగ్గరే ఆగిపోయారు. నేనుండే వర్జీనియాలో, ఆ యుద్ధం సుంకాల కోసం, రాష్ట్రాల హక్కుల కోసం జరిగిందని ఇప్పటికీ కొందరు పెద్దలు మా పిల్లలకు చెబుతుంటే నా కడుపు రగిలిపోతుంది. 1857లో సుంకాలను తగ్గించారు; వాటిని పెంచిన మోరిల్ బిల్లు చట్టమైనది 1861 మార్చిలో, అంటే ఏడు దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయిన తరువాత. అలా విడిపోయిన రాష్ట్రాల దక్షిణాది సమాఖ్య ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ అదే నెలలో సవానా నగరంలో, నల్లవారు తెల్లవారితో సమానులు కారన్నదే తమ ప్రభుత్వానికి మూలరాయి అని బహిరంగంగా ప్రకటించాడు.

విశ్రాంత ఉపన్యాసకుడు:
సుంకాలను పూర్తిగా కొట్టివేయకండి. 1832లో సౌత్ కరోలినా సుంకాల చట్టాలు తన గడ్డ మీద చెల్లవని ప్రకటించింది. ఆవేశం చరిత్ర కాదు.

ఒంగోలు మనవడు:
పార్టీల కంటే ముందు చర్చిలు చీలాయని ఎవరూ చెప్పలేదు. 1844లో మెథడిస్టులు చీలారు. బానిస యజమానులను మిషనరీలుగా నియమించబోమని బాప్టిస్టు బోర్డు తేల్చిచెప్పడంతో, దక్షిణాదివారు 1845లో జార్జియాలోని అగస్టాలో వేరే కన్వెన్షన్ పెట్టుకున్నారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఉత్తరాది శాఖకు చెందినది. తరతరాలుగా ఆ సంఘంలో ఉన్న మా కుటుంబాలకు ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పల్నాటి పాఠకుడు:
అయ్యా, నా రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు.

బెజవాడ న్యాయవాది:
పరారీ బానిసల చట్టమే బానిసత్వాన్ని సామాన్యుడి వీధిలోకి తెచ్చింది. 1854లో బోస్టన్‌లో పట్టుబడిన పరారీ బానిస ఆంథొనీ బర్న్స్‌ను సైనికుల కాపలాలో ఓడ వద్దకు నడిపిస్తుంటే, జనం దారిపొడవునా నిలబడి చూశారు, భవనాలకు నల్లగుడ్డలు వేలాడాయి. అతణ్ణి అప్పగించిన కమిషనర్ ఎడ్వర్డ్ లోరింగ్‌ను మసాచుసెట్స్ 1858లో వీలునామాల వ్యవహారాలు చూసే ప్రొబేట్ జడ్జి పదవి నుంచి తొలగించింది.

విశ్రాంత ఉపన్యాసకుడు:
అదీ 1854లోనే జరిగింది, గమనించండి.

రిచ్‌మండ్ తెలుగువాడు:
మాస్టారూ, రాష్ట్రాల హక్కుల వాదనకు కూడా ఈ చట్టమే సమాధానం. అది చెల్లదని విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెబితే, 1859లో దేశ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. దక్షిణాది నాయకులు అప్పుడు రాష్ట్రం హక్కు పక్షాన నిలవలేదు. 1860 డిసెంబరులో విడిపోతూ సౌత్ కరోలినా రాసుకున్న కారణాల ప్రకటనలో, పరారీ బానిసల అప్పగింతకు అడ్డుపడిన ఉత్తరాది రాష్ట్రాల పేర్లు వరుసగా ఉన్నాయి. సుంకాల ఊసు ఆ ప్రకటనలో లేదు.