చర్చ: విద్యుదయస్కాంతత్వం మొదటి కోర్సులో ముందు క్షేత్రాలా, ముందు సర్క్యూట్లా?

క్షేత్రరేఖ:

విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది విద్యార్థులకు విద్యుదయస్కాంతత్వం బోధిస్తాను. పాఠాల వరుస మార్చాలని మా శాఖలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఇప్పటిదాకా నడుస్తున్నది అందరికీ తెలిసిన వరుసే: కూలుంబ్ నియమం, విద్యుత్ క్షేత్రం, గాస్ నియమం (మూసిన ఉపరితలం గుండా బయటికి పోయే క్షేత్రాన్ని లోపలి ఆవేశంతో ముడిపెట్టేది), పొటెన్షియల్, కెపాసిటర్లు. ఇవన్నీ అయ్యాకే విద్యుత్ ప్రవాహం, ఓమ్ నియమం, సర్క్యూట్లు. చివర్లో అయస్కాంత క్షేత్రం, ఫారడే నియమం. కొత్త ప్రతిపాదన ప్రకారం బ్యాటరీలు, బల్బులతో మొదలుపెట్టి, సగం కోర్సు గడిచాక గాస్ నియమం దగ్గరకు రావాలి.

నేను దీన్ని వ్యతిరేకిస్తున్నాను. పాత వరుసలో లోపం లేదని కాదు, ఉన్న లోపాన్ని కొత్త వరుస ముట్టుకోవడమే లేదని.

మూడో వారంలో వాహకం లోపల విద్యుత్ క్షేత్రం సున్నా అని నేర్పుతాం. గాస్ నియమంతో దాని పర్యవసానాలు రాబడతాం, పరీక్షలో అడుగుతాం. ఆరో వారం వచ్చేసరికి అదే రాగి తీగలో క్షేత్రం ఉందని, ప్రవాహ సాంద్రత దానికి అనులోమానుపాతంలో ఉంటుందని బోర్డు మీద రాస్తాం. మొదటి మాట ఆవేశాలు నిశ్చలంగా ఉన్నప్పుడే చెల్లుతుందని ఒక్క వాక్యం అంటే అన్నట్టు, లేకపోతే అదీ లేదు. అసలు అడగాల్సిన ప్రశ్నను ఎవరూ అడగరు: తీగలోని ఆ క్షేత్రాన్ని ఏ ఆవేశాలు పుట్టిస్తున్నాయి? బ్యాటరీ ధ్రువాల మీద ఉన్నవి మాత్రమే అయితే, తీగను ఎలా వంచినా క్షేత్రం దాని వెంటే ఎందుకు తిరుగుతుంది?

తీగ ఉపరితలం మీద పేరుకునే ఆవేశాల వల్ల. ఇది చెప్పిన రోజున స్థిర విద్యుత్తూ సర్క్యూట్లూ ఒకే శాస్త్రమవుతాయి. చెప్పకపోతే విద్యార్థి రెండు వేర్వేరు సబ్జెక్టులు చదివి వెళ్లిపోతాడు. క్షేత్రాలు ముందే రావాలి, కానీ సర్క్యూట్ల దగ్గర వాటిని వదిలేయకూడదు. ఇదీ నా వాదన.

రాగితీగ:

క్షేత్రరేఖ గారూ, నేను ప్రయోగశాల తరగతులు నడుపుతాను. పూర్తిగా విభేదిస్తున్నాను.

ఒక బ్యాటరీకి ఒక బల్బు, ఆ పక్కన అలాంటి బ్యాటరీకే శ్రేణిలో రెండు బల్బులు. ఏది ఎక్కువ వెలుగుతుందని అడగండి. గాస్ నియమం లెక్కలు తప్పు లేకుండా చేసినవాళ్లలో కూడా చాలామంది మొదటి బల్బు కరెంటును కొంత 'వాడేసుకుంటుంది', రెండోదానికి తక్కువ అందుతుంది అంటారు. బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందని నమ్మేవాళ్లు అంతకంటే ఎక్కువ. భౌతిక శాస్త్ర బోధన మీద జరిగిన పరిశోధనల్లో పదే పదే కనిపించిన పొరపాట్లే ఇవి. ఐదు వారాల క్షేత్రాలు వీటిని తొలగించలేదు.

స్థిర విద్యుత్తు ప్రయోగాలు మొండివి. గాలిలో తేమ ఉంటే ఆవేశం నిలవదు. రాపిడితో వచ్చేది వేల వోల్టులు, కదిలే ఆవేశం మాత్రం అత్యల్పం. బ్యాటరీ సర్క్యూట్‌లో కొద్ది వోల్టులే, ప్రవాహం మాత్రం ధారాళం. మొదటి దానితో మొదలుపెడితే విద్యార్థి చేతికి ఏమీ అందదు. మీటరుతో కొలవగలిగేది ముందు కొలవనివ్వండి.

చరిత్ర కూడా నా వైపే ఉంది. ఓమ్ తన నియమాన్ని 1827లో ప్రకటించాడు. క్షేత్రమన్న భావన అప్పటికి రూపు కట్టలేదు. ఎలక్ట్రాన్‌ను థామ్సన్ 1897లో గానీ గుర్తించలేదు. క్షేత్రం లేకుండానే సర్క్యూట్ అర్థమైంది కదా!

మొదటి_ఏడాది:

ప్రస్తుతం ఈ కోర్సే చదువుతున్నాను. విద్యార్థి వైపు నుంచి రెండు మాటలు.

గాస్ నియమం వచ్చినప్పుడు ఉపరితల సమాకలనం మాకు గణితంలో ఇంకా రాలేదు. గుర్తు చూసి భయపడ్డాం. తీరా చూస్తే లెక్కల్లో ఎక్కడా సమాకలనం నిజంగా చేయాల్సిన పని లేదు. సౌష్ఠవాన్ని బట్టి క్షేత్రాన్ని బయటికి తీసి వైశాల్యంతో గుణించడమే. కష్టం వేరే చోట ఉంది. ఒక మూసిన ఉపరితలం ద్వారా మొత్తం అభివాహం, అంటే దాని గుండా పోయే క్షేత్రం మొత్తం, సున్నా అంటే అక్కడ క్షేత్రం కూడా సున్నా అనే అనిపిస్తుంది. బయట ఉన్న ఆవేశం క్షేత్రాన్ని కలిగిస్తుంది, కానీ మొత్తం అభివాహానికి ఏమీ చేర్చదు అన్న మాట జీర్ణం కావడానికి చాలా సమయం పట్టింది. దాని మీద తరగతిలో ఒక గంట కూడా గడపలేదు.

ఇక నా ప్రశ్న. ఎలక్ట్రాన్లు తీగలో చాలా నెమ్మదిగా కదులుతాయంటారు. మరి స్విచ్ వేసిన వెంటనే బల్బు ఎలా వెలుగుతుంది? 'తీగ అంతటా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి, గొట్టంలో నీళ్లలాగా' అన్నారు. కానీ గొట్టంలో నీళ్లను వెనక ఉన్న నీళ్లు నెడతాయి. ఇక్కడ నెట్టేది ఎవరు?

క్షేత్రరేఖ:

ఈ ప్రశ్న వేసినందుకు సంతోషం. ఇందులో అంకెలు చూడకుండా ముందుకు పోకూడదు.

రాగిలో ఘనమీటరుకు సుమారు 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న తీగలో 1 ఆంపియర్ ప్రవహిస్తుంటే డ్రిఫ్ట్ వేగం, అంటే ఎలక్ట్రాన్లు సగటున ముందుకు జరిగే వేగం, సెకనుకు దాదాపు 0.07 మిల్లీమీటర్లు వస్తుంది. ఒక మీటరు దాటడానికి మూడున్నర గంటల పైమాటే. ఆ తీగ లోపల క్షేత్రం మీటరుకు 0.017 వోల్టులు మాత్రమే. ఇంత చిన్న క్షేత్రం ఇంత పెద్ద ప్రవాహాన్ని నడుపుతోందంటే కారణం ఆ ఎలక్ట్రాన్ల సంఖ్యే.

నీళ్ల పోలిక సరిగ్గా మీరు పట్టుకున్న చోటే విరుగుతుంది. తీగ లోపలి భాగంలో ధన, రుణ ఆవేశాలు సరిసమానం. అక్కడ వెనక నుంచి నెట్టేందుకు అదనపు ఆవేశం ఏదీ లేదు. స్విచ్ మూసిన క్షణంలో అక్కడి ఉపరితల ఆవేశాల అమరిక మారుతుంది. ఆ మార్పుతో క్షేత్రం మారుతుంది, అది పక్కనున్న ఆవేశాలను సర్దుతుంది. ఈ సర్దుబాటు కాంతి వేగానికి దగ్గరి వేగంతో సర్క్యూట్ అంతా పాకుతుంది. ప్రయోగశాలలోని సర్క్యూట్‌లో నానోసెకన్లలో పని ముగుస్తుంది. ఆ తర్వాత తీగ ప్రతి భాగంలోనూ క్షేత్రం ఉంటుంది, అక్కడి ఎలక్ట్రాన్లే అక్కడ కదలడం మొదలుపెడతాయి. బల్బు వెలగడానికి స్విచ్ దగ్గరి ఎలక్ట్రాన్ ప్రయాణించి రావాల్సిన అవసరం లేదు.

రాగితీగ గారూ, 'కరెంటు వాడేసుకోవడం' అన్న పొరపాటుకు కూడా మందు ఇక్కడే ఉందని నా నమ్మకం. ఒక చోట ప్రవాహం ఎక్కువగా వచ్చి తక్కువగా పోతే అక్కడ ఆవేశం పోగవుతుంది. అలా పోగైన ఆవేశం వచ్చే ప్రవాహాన్ని అడ్డుకుంటుంది, పోయే ప్రవాహాన్ని పెంచుతుంది, రెండూ సమానమయ్యేదాకా. శ్రేణిలో ప్రవాహం అంతటా ఒకటే ఎందుకో అప్పుడు విద్యార్థే చెప్పగలడు.

రాగితీగ:

కథగా బాగుంది. కానీ భౌతిక శాస్త్రంలో చెప్పిన దాన్ని లెక్కించాలి. మామూలు సర్క్యూట్ తీసుకోండి, వంకర తీగలు, ఒక నిరోధకం. ఉపరితల ఆవేశం ఎక్కడ ఎంతో మొదటి ఏడాది విద్యార్థి కనుక్కోలేడు, కంప్యూటర్ కావాలి. అప్పుడు మనం బోర్డు మీద గీసే ప్లస్, మైనస్ గుర్తులు నమ్మమని చెప్పే బొమ్మలే అవుతాయి. మీటరుకు అందని దాన్ని, లెక్కకు లొంగని దాన్ని మొదటి కోర్సులోకి తేవడం నాకు ఇష్టం లేదు.

అనంతతలం:

లెక్కకు లొంగే భాగం ఒకటి ఉంది. గాస్ నియమం తెలిసినవాళ్లకు అది నాలుగు వాక్యాల పని.

ఒక రాగి తీగ చివర అంతే మందం ఉన్న నైక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమలోహం) తీగ కలిపారు. రెండింటిలోనూ 1 ఆంపియర్. తీగలో క్షేత్రాన్ని అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే వచ్చేది విశిష్ట నిరోధం (పదార్థం ప్రవాహాన్ని ఎంత అడ్డుకుంటుందో చెప్పే రాశి), ప్రవాహాల లబ్ధం. రాగి విశిష్ట నిరోధం 1.7 × 10⁻⁸ ఓమ్ మీటర్లు, నైక్రోమ్‌ది సుమారు 1.1 × 10⁻⁶. కాబట్టి అతుకు చుట్టూ ఒక పలుచని గాస్ ఉపరితలం గీస్తే లోపలికి వచ్చే అభివాహం కంటే బయటికి పోయేది చాలా ఎక్కువ. ఆ తేడాను గాస్ నియమంలోని స్థిరాంకం, శూన్య పెర్మిటివిటీ 8.85 × 10⁻¹²తో గుణించండి. అతుకు దగ్గర ఉండాల్సిన ఆవేశం దాదాపు 9.6 × 10⁻¹⁸ కూలుంబులు.

అంటే అరవై ఎలక్ట్రాన్ల ఆవేశం! ప్రవాహం రాగి నుంచి నైక్రోమ్‌లోకి వెళ్లే చోట ధనావేశం, తిరిగి రాగిలోకి వచ్చే చోట అంతే రుణావేశం. సెకనుకు 6 × 10¹⁸ ఎలక్ట్రాన్లు దాటిపోయే అతుకు దగ్గర అరవై ఎలక్ట్రాన్ల తేడా నిలుస్తుంది.

గోళం, స్తంభం, అనంత తలం అంటూ అవే మూడు లెక్కలు తిప్పి తిప్పి ఇచ్చే బదులు గాస్ నియమం వారంలోనే ఇది ఇవ్వవచ్చు.

రాగితీగ:

లెక్క సరైనదే. కానీ మీరు లెక్కించింది అతుకు దగ్గరి ఆవేశాన్ని. తీగ పక్కల మీద పరుచుకున్న ఆవేశం దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అది సర్క్యూట్ ఆకారాన్ని బట్టి మారుతుంది. నేను లెక్కకు అందదన్నది దాన్ని.

అనంతతలం:

అందులో కూడా తేలికైన సందర్భం ఉంది. పొడవాటి సమాక్ష కేబుల్ లోపలి తీగకు నిరోధం ఉందనుకోండి, బయటి తొడుగు నిరోధాన్ని వదిలేద్దాం. పొడవు వెంట పొటెన్షియల్ ఒకే తీరున తగ్గుతుంది. ప్రతి చిన్న ముక్కా ఒక స్తంభాకార కెపాసిటర్ లాంటిదే కాబట్టి ఉపరితల ఆవేశం కూడా అలాగే తగ్గుతూ పోతుంది. కెపాసిటర్ల పాఠంలో నేర్చుకున్న సూత్రమే సరిపోతుంది. మిగతా ఆకారాలకు కంప్యూటర్ కావాలి, ఒప్పుకుంటాను. అయితే ఆ మాటకొస్తే కూలుంబ్ నియమంతో కూడా చేతితో చేయగలిగేవి కొన్నే.

ప్రేరణ:

ట్రాన్స్‌ఫార్మర్లతో పని చేసే ఇంజనీరును. మారే అయస్కాంత అభివాహం విద్యుత్తును ప్రేరేపిస్తుందని చెప్పే ఫారడే నియమం ముందే మీరందరూ ఆగిపోయారు. సర్క్యూట్లను ముందు పెట్టడంలో ఉన్న పెద్ద చిక్కు అక్కడే బయటపడుతుంది.

100 ఓమ్‌లు, 900 ఓమ్‌ల నిరోధకాలను కలిపి ఒక వలయం చేయండి. బ్యాటరీ లేదు. వలయం మధ్య నుంచి పోయే అయస్కాంత అభివాహాన్ని మారుస్తూ ఒక క్షణానికి 1 వోల్టు విద్యుచ్చాలక బలం ప్రేరేపించండి. ప్రవాహం 1 మిల్లీఆంపియర్. ఇప్పుడు నిరోధకాలు కలిసే అవే రెండు బిందువులకు రెండు వోల్టుమీటర్లు తగిలించండి, ఒకటి వలయానికి ఎడమ పక్కన, ఇంకొకటి కుడి పక్కన. ఒకటి 0.1 వోల్టు చూపిస్తుంది, రెండోది 0.9, అదీ వ్యతిరేక దిశలో. మీటర్లు రెండూ మంచివే.

'వలయం చుట్టూ పొటెన్షియల్ తేడాల మొత్తం సున్నా' అని మొదటి వారం నుంచి వేదంలా వల్లించినవాళ్లు ఇక్కడ మీటరును అనుమానిస్తారు. ప్రేరిత విద్యుత్ క్షేత్రానికి ఒక్కో బిందువు దగ్గర ఒక్కో పొటెన్షియల్ అంటూ ఉండదు, దారిని బట్టి సమాకలనం మారుతుంది. పొటెన్షియల్ క్షేత్రం నుంచి పుట్టిందని ముందే తెలిసినవారికి ఇది వింతే గానీ విపత్తు కాదు. నా ఓటు క్షేత్రాలకు.

మొదటి_ఏడాది:

బ్యాటరీ నుంచి బల్బుకు శక్తి తీగ లోపలి నుంచి కాదు, చుట్టూ ఉన్న ఖాళీ స్థలం గుండా వెళ్తుందని చదివాను. అది కూడా ఈ కోర్సులో ఉండాలా?

క్షేత్రరేఖ:

పాయింటింగ్ 1884లో ఇచ్చిన సిద్ధాంతం అది. నిజమే, కానీ మొదటి కోర్సులో దాన్ని చివరి వారానికి ఉంచాలి. తీగ బయట విద్యుత్ క్షేత్రం ఎందుకుందో తెలియనివారికి అది వింత వార్తగానే మిగులుతుంది. బయట ఆ క్షేత్రం ఉండటానికి కారణం మళ్లీ ఆ ఉపరితల ఆవేశాలే.

రాగితీగ గారు చరిత్ర తన వైపే ఉందన్నారు. ఆ చరిత్రను మరికొంత దూరం చదవాలి. ఓమ్ తన నియమాన్ని వేడి ప్రసరణను చూసి రూపొందించాడు. తీగలో మారుతూ పోయేది విద్యుత్తు సాంద్రత అని, అది తీగ మందమంతా నిండి ఉంటుందని భావించాడు. అలాగైతే ప్రవాహం ఆగినప్పుడు ఆవేశం వాహకం లోపలంతా సమంగా నిండి ఉండాలి. నిశ్చలావేశం ఉపరితలం మీదే ఉంటుందని అప్పటికే తెలుసు. ఈ వైరుధ్యాన్ని పట్టుకుని, ఓమ్ చెప్పిన ఆ రాశి స్థిర విద్యుత్ పొటెన్షియల్ తప్ప వేరొకటి కాదని 1849లో చూపించినవాడు కిర్కాఫ్. తన పేరుతో ఉన్న సర్క్యూట్ నియమాలను 1845లో ఇచ్చిన మనిషే, నాలుగేళ్లు తిరగకుండా స్థిర విద్యుత్తు దగ్గరకు వెనక్కి రావాల్సి వచ్చింది. అంతకుముందే, 1833లో, రాపిడి విద్యుత్తూ బ్యాటరీ విద్యుత్తూ ఒకటేనని ప్రయోగాలతో తేల్చడానికి ఫారడే ఎంతో శ్రమపడ్డాడు. వాళ్లు కష్టపడి కలిపిన రెండింటినీ మన పాఠ్యక్రమం మళ్లీ విడదీస్తోంది. నా బాధ అదే.

రాగితీగ:

కిర్కాఫ్ విషయం కాదనను. అయినా విద్యార్థి బుర్రలో ప్రశ్న పుట్టాలంటే ముందు బల్బు వెలగాలి. రెండు వారాలు బల్బులు, మీటర్లు, 'ఎవరు నెడుతున్నారు' అన్న ప్రశ్న. అప్పుడు కూలుంబ్, గాస్. ఆ గాస్ పాఠంలో అనంతతలం గారి అతుకు లెక్క. ఇలా రాసిన వరుసను శాఖ సమావేశంలో పెడతాను, సర్క్యూట్లు ముందే ఉంటాయి. క్షేత్రరేఖ గారు వ్యతిరేకంగానే ఓటు వేస్తారని తెలుసు.

మొదటి_ఏడాది:

అతుకు లెక్క చేసి చూశాను. తీగల మందాలు వేరైనా జవాబు మారలేదు, వైశాల్యం కొట్టివేయబడింది. ప్రవాహాన్ని సగం చేస్తే ముప్పై ఎలక్ట్రాన్లు. మరి రాగి తీగనే లంబకోణంలో వంచితే మూల దగ్గర ఎంత ఉండాలి?

అనంతతలం:

అక్కడ కచ్చితమైన జవాబు ఒక్క గీతలో రాదు, పరిమాణం అంచనా వేయవచ్చు. వచ్చే అభివాహాన్ని మలుపు తిప్పాలి కాబట్టి, రాగి విశిష్ట నిరోధాన్ని, ప్రవాహాన్ని, పెర్మిటివిటీని గుణించండి. 1 ఆంపియర్‌కు 1.5 × 10⁻¹⁹ కూలుంబులు వస్తుంది. దాన్ని ఒక ఎలక్ట్రాన్ ఆవేశంతో పోల్చి చూడండి.