వరంగల్ దర్రీలకు (జంపఖానాలకు) జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది కదా, డిజైన్ కాపీ కొట్టిన వాడి మీద కేసు నిలుస్తుందా?

కొత్తవాడ మగ్గం: 2018లో మన దర్రీలకు జీఐ వచ్చింది. నేను గ్రాఫ్ కాగితం మీద గీసి నేసిన డిజైన్‌ను ఒక షావుకారు బయటి రాష్ట్రంలో మర మగ్గాల మీద నేయించి అమ్ముతున్నాడు. కేసు పెట్టొచ్చా?

హన్మకొండ వకీలు: 'వరంగల్ దర్రీ' అని చెప్పి అమ్ముతున్నాడా?

కొత్తవాడ మగ్గం: పేరు వాడట్లేదు సార్. డిజైన్ నాది.

హన్మకొండ వకీలు: అయితే జీఐతో పని కాదన్నా. 1999 నాటి ఆ చట్టం కాపాడేది పేరును. డిజైన్‌కు 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. రిజిస్టర్ చేస్తే 10 ఏళ్లు, ఇంకో 5 ఏళ్లు పొడిగింపు. కానీ దరఖాస్తు కంటే ముందే బయటపెడితే కొత్తదనం పోయినట్టే.

కొత్తవాడ మగ్గం: వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన, అమ్మిన. అమ్మకుండా దాచుకుంటే తినేదేంది?

పెంబర్తి ఇత్తడి: మాకూ జీఐ ఉంది. బోర్డు మీద రాసుకోవడానికి బాగుంది.

కొత్తవాడ మగ్గం: కాపీరైట్ రిజిస్టర్ చేయకున్నా ఉంటదంటరు గదా?

హన్మకొండ వకీలు: ఉంటుంది. కానీ డిజైన్‌గా రిజిస్టర్ చేయదగ్గ బొమ్మను రిజిస్టర్ చేయించకుండా, మీరో మీ అనుమతితో ఇంకొకరో పరిశ్రమ పద్ధతిలో 50 సార్లకు మించి తయారుచేస్తే ఆ హక్కు పోతుంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 15.

కొత్తవాడ మగ్గం: చేనేత పరిశ్రమ ఎట్లయితది?

హన్మకొండ వకీలు: డిజైన్ల చట్టంలో 'చేతితోనైనా, మరతోనైనా' అనే ఉంది.

కొత్తవాడ మగ్గం: అది ఆ చట్టంలో. కాపీరైట్ చట్టంలో చూపించండి.

హన్మకొండ వకీలు: ముందు ఎన్ని నేశారో చెప్పండి.

కొత్తవాడ మగ్గం: అది మీకెందుకు? దొంగను వదిలేసి నన్ను విచారిస్తున్నారు!

మామునూరు కుర్రాడు: పాప్‌కార్న్ తెచ్చుకున్నా, కానియ్యండి.

పాత సొసైటీ మెంబర్: తమ్మీ, ఆ అంచు మీ నాయన పుట్టకముందు నుంచి వాడలో నేస్తున్నదే. నీ పేరున రాయించుకుని రేపు మా పిల్లలకు నోటీసు పంపుతవా?

కొత్తవాడ మగ్గం: పంపుత. బాబాయ్, షావుకారు దగ్గర నూలు తీసుకుని నా డిజైన్‌ను మొదట నేసి ఇచ్చింది ఎవరు? మీ మగ్గం మీది దర్రీనే ఆయన ఆ రాష్ట్రానికి పట్టుకపోయిండు.

పాత సొసైటీ మెంబర్: నూలు ఆయనది, కూలి ఆయనది. ఇది ఎవరి డిజైన్ అని అడిగితే ఆ పని ఇంకో ఇంటికి పోతది. నువ్విస్తవా నాకు కూలి?

హన్మకొండ వకీలు: అంచు పాతదని రుజువైతే, రిజిస్టర్ అయినా దానితో సంబంధం ఉన్న ఎవరైనా రద్దు అడగొచ్చు.

కొత్తవాడ మగ్గం: అంచు వాడదే, ఒప్పుకుంట. నడిమి బొమ్మ ఎవరిదో బాబాయ్‌ని చెప్పమనండి.