అద్దానికి వాటర్ రిపెల్లెంట్ పూయించినాక వైపర్ ఎగురుతాంది, ఏం చేయాలన్నా?

అన్నా, మాది అనంతపురం, ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు దాకా రాత్రిళ్ళు తిరగడం ఎక్కువ. వానకి దారి కనపడాలని కారు అద్దాలన్నిటికీ వాటర్ రిపెల్లెంట్ లిక్విడ్ (నీళ్ళు నిలవకుండా జారిపోయేట్టు చేసే పూత) పూయించినా. సైడ్ అద్దాలకైతే సూపర్, మిర్రర్ దగ్గర చుక్క నిలవదు. తంటా అంతా ముందు అద్దంతోనే. హైవే మీద స్పీడుగా పోతే గాలికే చినుకులు పైకి పాకిపోతాయి, కానీ ఊర్లో మెల్లగా పోయేటప్పుడు వైపర్ వేస్తే గటగటా ఎగురుతాది, ఎదురుగా లారీ లైట్ పడితే బ్లేడు తిరిగిన మేర అంతా పాలపొర మాదిరి తెల్లగా కమ్మేస్తాది, ఆ క్షణంలో రోడ్డుకి అడ్డంగా బర్రె ఉన్నా కనపడదు, కార్లో పిల్లోళ్ళు ఉంటారు, అదే నా భయం.

బ్లేడ్లు కొత్తవే. మాకు బోరు నీళ్ళు, కడిగితే అద్దం మీద ఉప్పు మరకలు ఉండిపోతాయి, వాటి మీదే పూసినందుకు సరిగా పట్టలేదేమో అని అనుమానం. క్లే బార్ (అద్దం మీది మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్ద) రుద్ది, జిడ్డు తీసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్ళీ పూస్తే చాలా, లేక అద్దానికి పాలిష్ పట్టే పొడి సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ పట్టాల్నా? మన ఎండలకి ఎన్నాళ్ళు నిలుస్తాది? ముందు అద్దానికి అసలు వద్దంటారా? వాడినోళ్ళు కొంచెం చెప్పండన్నా, వానలు మొదలైనాయి.